ఒక్క కుండ పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

పప్పు నేడె వండి పదిలముగా దాచి
రేపు చారు చేయు రీతి మేలు
ఉప్పు కంచమందె యుంచుకొనుట యొప్పు
ఇంటికొక్క కుండ యింతె చాలు

అవతారిక

ఛందస్సు ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. మకుటం లేదు గనుక శతకకారులెవరూ వచ్చి హక్కు అడగలేరు. లభ్యమైన ప్రతి ఒక్కటే: పలాస-కాశీబుగ్గలో ఒక వంటింటి గోడ మీద, పాత క్యాలెండరు కాగితం వెనుక, పోపు మరకలతో. కాలనిర్ణయం కష్టం. మరకలు మాత్రం నిన్నటివే. కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య చేస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికే పూచీ పడతాడు.

పద్యం పుట్టిన సందర్భం ఇది. ఇల్లాలు జీడిపప్పు పరిశ్రమలో పని ముగించుకుని సాయంత్రం ఇల్లు చేరుతుంది. పగలంతా పప్పుకు పొర తీసి, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసిన చేతులవి. చెప్పులు విడవకముందే గుంటలు అడుగుతారు: ‘అమ్మా, ఏటి కూర?’ వంటకు పట్టేది ముప్పావుగంట. ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మాత్రం మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. పైగా కిడ్నీ జబ్బులకు పేరుపడిన ఈ ఉద్దానం సీమలో మరో చిక్కు. మామగారికి కిడ్నీ జబ్బు. ఆయనకు ఉప్పు లేని వంట, మిగతావారికి ఉప్పున్న వంట. అంటే అలసిన చేతులకు రాత్రికి రెండు వంటలు. ఈ రెంటినీ ఒకటి చేయడమే కవి సంకల్పం.

ప్రతిపదార్థం

పప్పు = కందిపప్పు. పలాసలో ఈ మాట వినగానే జీడిపప్పు స్ఫురించడం సహజం. ఇచట ఆ అర్థం పొసగదు. జీడిపప్పు ఈ ఊరి నుంచి దేశాలు తిరుగుతుంది గాని, పొర తీసినవారి కంచంలోకి రావడానికి పండగ కావాలి. వచ్చినా గుండు రాదు, ముక్క వస్తుంది. కిడ్నీ రోగికైతే అందులోని భాస్వరం పనికిరాదు కూడా.

నేడె = ఈ దినముననే. చివరి ఎకారం అవధారణార్థకం. ‘రేపు చూద్దాం’ అనే పక్షాన్ని ఖండిస్తుంది.

వండి = ఉప్పు, పులుపు, పోపు తగలనీయక, ఒట్టి పసుపుతో మెత్తగా ఉడికించి. రెండు రాత్రులకు సరిపడా అని అధ్యాహారం చేసుకోవాలి. ఏ నీటితో వండి? ఉద్దానంలో ఈ ప్రశ్న చిన్నది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఏళ్ల తరబడి జనం తమ బోరునీటిని అనుమానంగానే చూశారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైన రోజునే, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఈ పల్లెలకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ ప్రారంభమైంది. జబ్బుకు మూలం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. అంతవరకూ ఇంటివారి చేతిలో ఉన్నది కంచం ఒక్కటే గనుక కవి దాని గురించే మాట్లాడాడు.

పదిలముగా దాచి = చల్లారిన వెంటనే, తడి గరిటె పెట్టక, మూతవేసి ఫ్రిజ్‌లో ఉంచి. రాత్రంతా గట్టు మీద వదిలేయడం పదిలం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. రోజుల తరబడి ఫ్రిజ్‌లు ఉత్త బీరువాలయ్యాయి. అటువంటప్పుడు ఈ పదానికి ‘ఏ పూటది ఆ పూటే వండి’ అని చెప్పుకోవడమే క్షేమం.

రేపు చారు చేయు రీతి = మరునాడు దానినే పలుచన చేసి, బాగా తెర్లించి, ములగకాడో ఆనపకాయో వేసి పప్పుచారుగా మార్చడం. కవి దీన్ని ‘మిగిలిపోయిన పప్పు’ అనలేదు. మిగిలిపోవడం వేరు, మిగల్చడం వేరు. మిగిలినదానికి గుంటలు వంక పెడతారు, మిగిల్చినదాన్ని తెలియక తింటారు.

ఉప్పు = టెక్కలికి పొరుగున నౌపడ మళ్లలో ఎండేది. 1900లో పర్లాకిమిడికి చిన్న రైలు బయలుదేరింది ఆ నౌపడ నుంచే. చేతికందే దూరంలో ఉప్పు మళ్లున్నవారికి ఉప్పు తగ్గించమని చెప్పడానికి కవికి ఎంత సాహసం ఉండాలో పాఠకులే ఊహించాలి.

కంచమందె = కంచంలోనే గాని కుండలో కాదు.

ఒక్క కుండ = కుక్కరు. కుండ ఇచట ఉపలక్షణం.

తాత్పర్యం

వారపు రోజుల్లో రాత్రి వంటకు ముందే ఒక క్రమం పెట్టుకోవాలి. ఒకనాడు వండిన పప్పు రెండు రాత్రులకు రెండు రూపాలు ఎత్తాలి. అందరికీ వంట ఒక్కటే. ఎవరి ఉప్పు వారి కంచంలో. అట్లయితే వండేవారికి శ్రమ తగ్గును, రోగికి వేరు వంట బాధ తప్పును అని భావము.

విశేషములు

ఈ పద్యాన్ని ఆచరణలో పెడితే వారం ఇలా నడుస్తుంది. సోమవారం ముద్దపప్పు, బీరకాయ కూర. మంగళవారం అదే పప్పు చారై, దొండకాయ వేపుడుతో వస్తుంది. బుధవారం మళ్లీ పప్పు, ఈసారి ఆనపకాయ కలిపి. గురువారం చారు, కోడిగుడ్డు. శుక్రవారం పప్పు లేదు, వంకాయ ఇగురు, మజ్జిగ. శనివారం ఒంటిపూట ఉండేవారు ఉంటారు, ఉప్మాతో గడిచిపోతుంది. ఆదివారం చేపల కూరకు ఈ పద్యం అడ్డురాదు. ఎండాకాలంలో పనసకాయ ఇంటికి వచ్చిననాడు క్రమం తప్పినా దోషం లేదు. పనసను కాదనే శాస్త్రం ఉద్దానంలో చెల్లదు.

కుండను విడదీసే ఘట్టం ముఖ్యం. పప్పు, కూర ఉడికాక, చింతపండు పులుసు, కొబ్బరి కోరు పడకముందే మామగారి వంతు ఒక గిన్నెలోకి తీయాలి. అందులో మిరియం, జీలకర్ర, వెల్లుల్లి పోపు. ఆయనకు పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పివుంటే కూరముక్కలను ముందే ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోయాలి. పులుసు, కొబ్బరి మిగిలిన కుండలో పడతాయి. అదనంగా పట్టేది ఒక గిన్నె, ఒక పోపు. రెండో వంట కాదు.

శంకాసమాధానములు

శంక: ఉప్పు లేకుండా ఉడికిన పప్పు ఎవరు తింటారు? సమాధానం: పైన చల్లుకున్న ఉప్పు నాలుకకు ముందు తగులుతుంది గనుక చిటికెడుతో సరిపోతుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒక చిన్న చెంచాకు తక్కువే. ఉప్పు తగ్గితే రక్తపోటు అదుపులో ఉంటుంది, ఇంకా జబ్బు రానివారి కిడ్నీలకూ మేలు. అయితే ఊరగాయ, అప్పడం, ఎండుచేప అడగకుండానే ఉప్పును మోసుకొస్తాయి. వాటిని కంచంలోకి పిలిచినవారు చిటికెడు మానుకోవాలి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం కలుపుతారు. కిడ్నీ రోగి ఉన్న ఇంట అది అసలు పనికిరాదు.

శంక: కొబ్బరి సీమలో కొబ్బరినీళ్లూ వద్దంటారా? సమాధానం: రక్తంలో పొటాషియం పెరిగే రోగికి వద్దనే అంటారు. తోట తనది, కాయ తనది, నీళ్లు మాత్రం పక్కింటివారివి. ఈ అన్యాయానికి టీకాకారుడి దగ్గర సమాధానం లేదు.

శంక: మామగారికి పప్పు ఎంత వేయాలి? సమాధానం: ఇది వ్యాకరణంతో తేలదు. డయాలసిస్ దాకా రానివారికి మాంసకృత్తులు తగ్గించమంటారు, డయాలసిస్‌లో ఉన్నవారికి పెంచమంటారు. ఒకే జబ్బుకు రెండు విధులు. కనుక రక్తపరీక్ష చూసిన డాక్టరు చెప్పినదే ప్రమాణం. పక్కింటివారి మామగారి గరిటె ప్రమాణం కాదు.

పాఠాంతరము

నాలుగో పాదాన్ని కొందరు ‘ఇంటికొక్కరుండ యింతె చాలు’ అని చదువుతున్నారు. ఒక్క అక్షరమే తేడా. గణాలు చెడలేదు, యతి చెడలేదు. ఛందస్సు రెంటినీ ఒప్పుకుంటుంది గనుక తగవు అర్థంతోనే తేల్చాలి. ఈ పాఠం ప్రకారం వంటకు ఇంటికి ఒక మనిషి ఉంటే చాలు, తక్కినవారు కంచాల ముందు కూర్చోవచ్చు. ఈ పాఠాన్ని ఆదరించేవారిలో ఇంటి యజమానులు, ఎదిగిన కొడుకులు అధిక సంఖ్యాకులు. వాడుకలో ఎక్కువ ఇళ్లలో చెల్లుతున్నదీ ఇదే.

ఇది లేఖకదోషమని మా నిర్ణయం. పప్పు కడగడం, ఆనపకాయ తరగడం, మామగారి గిన్నె వేరు చేయడం, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టడం: పద్యంలోని క్రియలకు కర్త ఎవరో కవి ఎక్కడా చెప్పలేదు. చెప్పని చోట ఇల్లాలినే కర్తగా కల్పించుకోవడం అలవాటే గాని వ్యాకరణం కాదు. కుండ ఒక్కటి కావాలన్నాడు గాని చేతులు ఒక్కరివే కావాలని అనలేదు. ఎవరి ఉప్పు వారే వేసుకోవాలన్న కవి, ఎవరి కంచం వారే కడగరాదని మాత్రం ఎందుకంటాడు?

అయినా పాఠాంతరాన్నే సమర్థించదలచిన పండితులు, ఒక వారం సాయంత్రాలు ఇల్లాలికంటే ముందు ఇల్లు చేరి, పప్పు కడిగి, మూడు విజిళ్లు లెక్కపెట్టి, స్టవ్ ఆపిన పిమ్మట వాదానికి రావలసింది.