కాలిన ట్రాన్స్‌ఫార్మర్ గురించి కరెంటు పెద్దసారుకు

మహారాజశ్రీ కరెంటు పెద్దసారు గారి దివ్యసముఖానికి, బాన్సువాడ పక్క పల్లె రైతు నమస్కరించి రాసుకున్న విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం. మా బోర్ల కాడి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరే క్షేమంగా లేదు. సోమవారం రాత్రి ఢామ్మని పేలి నూనె కక్కింది. ఇయ్యాల శనివారం. పల్లెల్లో కాలినదాన్ని 48 గంటల్లో మార్చాలన్నది మేం పెట్టిన రూలు కాదు, మీదే. ఆఫీసు గోడ మీది బోర్డులో ఉంది. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు గనుక రెండుసార్లు చదివాను.

రిపేరు షెడ్డుకు తీసుకుపోవడానికి బండి లేదన్నారు. ట్రాక్టరు మేమే పెట్టుకున్నాం. ఎత్తడానికి మనుషులు లేరన్నారు. ఆరుగురం భుజం పట్టాం. రెండు రోజులు తిప్పించుకుని, బాగు చేసిందని ఒకటి చేతిలో పెట్టారు. తెచ్చి బిగిస్తే గంట కూడా ఆగలేదు, అదీ పాయె! మళ్లీ అదే ట్రాక్టరు, అదే ఆరుగురం. డీజిల్ మాది, నడుంనొప్పి మాది. ఏం బాగు చేశారు సారూ, రంగేశారా?

తప్పు మాదేనట. ఆటోస్టార్టర్లు తీయలేదట. నిజమే, కొందరం తీయలేదు. 2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలైనప్పటి నుంచి తీయమంటూనే ఉన్నారు. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువు పడుతుందో మాకూ ఎరికే. కానీ రాత్రి నాలుగుసార్లు వచ్చిపోయే కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని పాముల గట్టు మీద నడిచేదెవరు? నాలుగైదు మోటర్లు మోసే దాని మీద తొమ్మిది మోటర్లున్నాయి. ఇంకోటి కావాలని డీడీలు కట్టి రెండేళ్లు దాటింది. ఆ డీడీ ఏ ఫైల్లో నిద్రపోతోందో మీకే తెలియాలి.

లైన్‌మన్‌ను ఏమీ అనను. నాలుగూళ్లకు ఒక్కడు. వానలో స్తంభమెక్కేదీ అతనే, మా తిట్లు తినేదీ అతనే.

2025 మార్చిలో రాష్ట్రం 17 వేల మెగావాట్లకు పైగా వాడినా తట్టుకున్నామని పేపర్లో చదివి మేమూ మురిసిపోయాం. రామగుండం ఉంది, యాదాద్రి 4,000 మెగావాట్లది ఉంది. అంతదూరం దేనికి, మా నెత్తి మీదే నిజాంసాగర్ ఉంది. 1931లో పూర్తయిన ఆనకట్ట. కాలువకు వదిలే నీళ్లతోనే తిరిగే 10 మెగావాట్ల కరెంటు కేంద్రం దానికుంది. నీళ్లు మా మంజీరవే, కరెంటూ ఇక్కడే పుడుతుంది. మా దాకా వచ్చేసరికి మాత్రం మూడు ఫ్యూజుల్లో రెండింటికి కట్టింది ఉత్త బైండింగు తీగ.

పనిలో పనిగా, మా చెరువు కట్ట కింది స్తంభం పోయినేటి గాలివానకే ఒరిగింది. తీగలు చేతికందుతున్నాయి. వచ్చే నెల కోత మిషన్లు దాని కిందుగానే పోవాలి. ఇండ్లల్లో ఫ్యాను తిరుగుతుందో ఊగుతుందో అర్థం కాదు. జీరో బిల్లు మాత్రం తారీఖు తప్పదు, కృతజ్ఞతలు.

సారూ, వెటకారం చాలు. వరి పొట్ట మీదుంది. నిజాంసాగర్ కింద మేం ముందు నాటేస్తాం, ముందే కోస్తాం. ఈ వారం నీళ్లు తప్పితే గింజ పాలు పోసుకోదు, తాలే మిగులుతుంది. చివరి మడుల్లో నిన్ననే నెర్రెలు కనబడ్డాయి. కాలువ నీళ్లు మా దాకా రావు, ఆ బోర్లే దిక్కు. అదనపు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి, స్తంభం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మంచిదొకటి ఇప్పించండి, రంగేసింది కాదు. ట్రాక్టరు షెడ్డు ముందే ఆగి ఉంది, ఆరుగురమూ దాని మీదే ఉన్నాం.