ధర పలికితే లేచొచ్చే ఫర్మానా

హైదరాబాద్‌లో చరిత్ర పరిశోధన ఎక్కడ జోరుగా సాగుతోందో తెలియాలంటే విశ్వవిద్యాలయాన్ని అడగనక్కర్లేదు, గజం ధర అడిగితే చాలు. రాయదుర్గం గుట్టల్లో మేకలు మేసినన్నాళ్లు ఏ నవాబుగారి మునిమనవడికీ తాతగారి జాగీరు గుర్తుకు రాలేదు. అద్దాల మేడలు లేచాయో లేదో, పాతబస్తీలో ఏదో ఇనప్పెట్టె తలుపు కిర్రుమంది. అందులోంచి మున్తఖబ్ అనే ఒక మంజూరు పత్రం, దాని వెనకాల ఒక సనదు, ఆ వెనకాల జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చేతబట్టిన ఒక పెద్దమనిషి.

ఆ కాగితాన్ని దగ్గరగా చూడాలి. అంచులు టీలో ముంచి తీసినట్టుంటాయి, మూల గుండ్రటి మొహరు, కింద నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం. మీద మాత్రం నిన్న చేయించిన లామినేషన్. చదవగలిగినవాడు ఆ గదిలో ఒక్కడూ ఉండడు, అందుకే అందరికీ అంత నమ్మకం. ‘ఫస్లీ కాగితం సార్, ఎవడూ కదపలేడు’ అంటాడు పెద్దమనిషి. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి కదయ్యా అంటే, అవి మిగతావాళ్ల జాగీర్లట. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో ఇంకెవరి పేరో ఉందేమంటే, పట్వారీ తప్పు రాశాడట. పట్వారీ పోయి చాలా కాలమైంది, వచ్చి కాదనడు.

కోర్టులూ పాపం తమ వంతు చేస్తూనే ఉన్నాయి. ఒక పాయిగా నవాబు వారసుల పంపకాల దావాలో ప్రాథమిక డిక్రీ వచ్చింది 1963లో. అందులోంచి మొలిచిన హైదర్‌నగర్ భూముల తగాదా సుప్రీంకోర్టులో తీర్పుకొచ్చింది 2023లో. జీపీఏ మీద అమ్మితే హక్కు బదిలీ కాదని అదే సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మన పెద్దమనిషి ఆనాడు పేపరు చూసినట్టు లేదు.

ఇక సర్కారువారి తీరు. మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ పైసాతో సహా వసూలు చేస్తారు. తీరా తగాదా వచ్చాక, 1908 చట్టం కింద మేం రిజిస్టర్ చేసేది దస్తావేజునే గానీ హక్కును కాదు, అది మీరూ మీరూ తేల్చుకోండి అంటారు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) నకలు కావాలా, దానికి వేరే ఫీజు. బ్రోచర్‌లో మాత్రం ‘నూరు శాతం క్లియర్ టైటిల్’, పక్కన స్విమ్మింగ్ పూల్ బొమ్మ.

కొన్నవాడు బ్యాంకు వాయిదాలు కట్టుకుంటుండగానే ప్లాటు మూలన రాత్రికి రాత్రి రేకుల గది లేస్తుంది. నల్లా ఉండదు, మనిషీ ఉండడు, కరెంటు మీటరు ఉంటుంది. కబ్జాలో ఉన్నామనడానికి అదే సాక్ష్యం. మర్నాడు రాజీకి రమ్మని కబురు. అసలు వారసులెవరైనా ఉంటే వాళ్లకు దక్కేది సంతకానికింత అని ఏదో కాస్త. మిగతాది గజాల లెక్కన, ఈ ఏటి ధరకే. కాగితం నిజాం కాలంనాటిదే కదా, ఆనాటి హాలీ సిక్కా రూపాయల్లో పుచ్చుకోండి అంటే మాత్రం ససేమిరా ఒప్పుకోరు.