మాతృభాష: వర్తించదు

కాలిఫోర్నియాలో పిల్లాణ్ణి కిండర్‌గార్టెన్‌లో వేసేటప్పుడు బడివాళ్లు ఒక ఫారం చేతిలో పెడతారు. బిడ్డకు మాటలొచ్చింది ఏ భాషలో, ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడేది ఏ భాష అని అందులో ప్రశ్నలు. మన నాన్నగారు పక్కనున్న అమ్మగారితో 'ఏమే, ఏం రాయమంటావ్?' అని అచ్చ తెలుగులో సంప్రదించి, అన్ని గళ్లలోనూ ఇంగ్లీష్ అని నింపేస్తారు. నిజం రాస్తే పిల్లాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. అందులో తప్పితే 'ఇంగ్లీష్ లెర్నర్' అని రాసుకుంటారు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని హెచ్1బీ మీద దిగిన వంశానికి అంత మచ్చా!

భయం మరీ ఊరికే పుట్టలేదు లెండి. 1998లో ఆ రాష్ట్రం ప్రొపొజిషన్ 227కి ఓటేసి, వలస పిల్లలకు సొంత భాషలో పాఠం చెప్పడాన్ని దాదాపు ఆపేసింది. దెబ్బ ఎక్కువగా తగిలింది స్పానిష్ మాట్లాడే పిల్లలకు. 2016లో మళ్లీ ఓటేసి ఆ కట్టడి ఎత్తేశారు. ఈ రెంటి నడుమ, 2011లో, రెండు భాషలు చదవడం రాయడం వచ్చిన పిల్లల డిప్లొమా మీద 'సీల్ ఆఫ్ బైలిటరసీ' అనే ముద్ర వేస్తామని అదే రాష్ట్రం చట్టం చేసింది. ఇంటి భాష ఐదేళ్లప్పుడు జబ్బు, పద్దెనిమిదేళ్లకు పతకం.

ముద్ర అనగానే మనవాళ్లకు తెలుగు గుర్తొచ్చింది. కాలేజీ అప్లికేషన్‌లో ఒక గడి నిండుతుంది కదా! కిండర్‌గార్టెన్‌లో లేని మాతృభాష హైస్కూల్లో మొలిచింది. వారాంతంలో తెలుగు బడికి కారు, ఆ కారులో దారి పొడవునా ఇంగ్లీషు. ఉగాదికి స్టేజీ ఎక్కిన పిల్లాడి చేతిలో కాగితం చూడండి: ప్రసంగం తెలుగు, అక్షరాలు ఇంగ్లీషువి. 'ళ'కు పెద్ద ఎల్, 'ణ'కు పెద్ద ఎన్. భాష గొప్పతనం గడగడా చదివి దిగాడు. 'గుడ్ జాబ్ నాన్నా' అంది తల్లి. వాడి తప్పేముంది, పాపం, వాడితో తెలుగులో మాట్లాడిందెవరు? శ్రద్ధగా గుణింతాలు దాటి కథలు చదివే పిల్లలూ ఉన్నారు. వాళ్ల నాన్న ఆనాడు ఫారంలో ఏం రాశాడో మాత్రం అడక్కండి.

అదే ఇంట్లో విజిటర్ వీసా మీద గుంటూరు నుంచి వచ్చిన నాయనమ్మ ఉంది. తెలుగు చదువుతుంది, రాస్తుంది. మనవడితో నాలుగు మాటలాడాలని ఈ వయసులో ఏబీసీడీలు దిద్ది 'కమ్ నాన్నా, ఈట్' దాకా వచ్చింది. రెండు భాషల అక్షరాస్యతే కావాలంటే ఆ ఇంట్లో ముందు నిలబడాల్సింది ఆవిడే. డిప్లొమా లేదంటారా? రిటర్న్ టికెట్ ఉంది, దాని మీద కొట్టండి ముద్ర.