దర్శనీయ స్థల పట్టిక: టీకా తాత్పర్య సహితము

మూలము: బ్యాంకాక్‌లో తప్పక చూడవలసిన పది దర్శనీయ స్థలాలు.

అవతారిక: ఈ ఏకవాక్య గ్రంథానికి కర్త ఎవరో తెలియదు. ట్రావెల్ ఏజెంటు బల్లమీది నిగనిగలాడే కాగితం మొదలు మేనత్తల వాట్సాప్ గ్రూపు దాకా అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా కనిపించడం చేత అపౌరుషేయమని కొందరి మతం. మల్లినాథసూరిని కన్న మెదక్ సీమవారు సైతం దీన్ని వ్యాఖ్య లేకుండానే నమ్మి విమానం ఎక్కుతున్నారు గనుక టీక అవసరపడింది.

టీక: తప్పక అనేది వ్యతిరేక క్త్వార్థకం. దర్శనీయ అనేది దృశ్ ధాతువుకు అనీయర్ ప్రత్యయం చేరిన రూపం. చూడవలసినది అని అర్థం. అంటే మూలకారుడు చూడవలసిన చూడవలసిన స్థలాలని రెండుసార్లు చెప్పి, చాలదన్నట్టు ముందు తప్పక తగిలించాడు. పునరుక్తి దోషం కదా అంటే, ప్రయాణికుడి మెడమీద చెయ్యి వేసేటప్పుడు దోషం పట్టదని సమాధానం. పైగా పాణిని ఈ జాతి ప్రత్యయాలకు ఆవశ్యకతతో పాటు అప్పుపడి ఉండటమనే అర్థం కూడా ఒప్పుకున్నాడు. నెలవాయిదాల మీద ప్యాకేజీ కొన్నవారికి ఈ రెండోదే గ్రాహ్యం.

పది: వేళ్ళు పది గనుక.

బ్యాంకాక్: ఇక్కడ కాస్త ఆగాలి. బాంగ్ అంటే నీటివార ఊరు, మకోక్ అంటే అంబాళం వంటి చెట్టు అని ఒక వ్యుత్పత్తి. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆ పేరు పలకరు, క్రుంగ్ తేప్ అంటారు. ఆ తేప్ మన దేవ శబ్దమే. అదీ పొట్టి రూపమే. 1782లో చక్రి వంశపు మొదటి రాముడు రాజధానిని స్థాపించిన ఈ ఊరి పూర్తి పేరు ప్రపంచంలోకెల్లా పొడవైన స్థలనామంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. థాయ్ నోట అరిగిపోయిన చివరలను తిరిగి అతికిస్తే దాదాపు ఇలా తేలుతుంది: దేవమహానగర, అమర రత్నకోశేంద్ర, మహేంద్రాయోధ్య, మహాతిలక భవ, నవరత్న రాజధానీ పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమరవిమాన అవతారస్థిత, శక్రదత్తీయ విష్ణుకర్మ ప్రసిద్ధి.

ఎక్కడా క్రియ లేదు. ఇంద్రుడు మూడుచోట్ల తగులుతాడు. కట్టినవాడు మన విశ్వకర్మే, అక్కడ విష్ణుకర్మ అయ్యాడు. పాఠాంతరం కూడా ఉంది: రత్నకోశేంద్రకు ముందు అమర ఉన్నచోట మొదట బవోన్ ఉండేది, ప్రవర శబ్దపు తమ్ముడు, నాలుగో రాముడు మోంకుట్ దాన్ని దిద్దాడు. ఊరిపేరుకు సాక్షాత్తూ రాజే పరిష్కర్త! నగరం నఖోన్, విమానం పిమాన్, ఇంద్రుడు ఉత్త ఇన్. రాతలో మాత్రం థాయ్‌వారు పాత అక్షరాలను వదులుకోరు. పలకని అక్షరం నెత్తిన చిన్న గుర్తు పెట్టి మౌనవ్రతం పట్టిస్తారు.

ఇంతకీ పట్టిక. అది సుగమం.

వాట్ అరుణ్: అరుణుడి గుడి. అరుణుడు అనూరుడు, అంటే తొడలు లేనివాడు. ఆయన గోపురం మెట్లెక్కి దిగినవారికి రెండు రోజులు తొడలే గుర్తుంటాయి. ఉదయాలయమని పేరు. జనం అవతలి ఒడ్డున కూర్చుని సాయంత్రం ఫొటో తీసుకుంటారు. వాట్ ఫో: శయనబుద్ధుడు, 46 మీటర్లు, ఏ సెల్ఫీలోనూ పట్టడు. మరకత బుద్ధుడు: రాయి మరకతం కాదు, మరో పచ్చరాయి, ఏడాదికి మూడుసార్లు రుతువును బట్టి వస్త్రం మారుస్తారు.

ఈ మరకత బుద్ధుడి ప్రాకారం లోపలి గోడమీదే రామకియెన్ ఉంది, థాయ్ రామాయణం, 178 చిత్రాలుగా. దశకంఠుడు అక్కడ తోత్సకాన్. వ్యాఖ్యాత వెళ్ళిన బృందానికి గుడికీ గోడకూ కలిపి ఇచ్చిన వ్యవధి నలభై నిమిషాలు. వారధి ఘట్టం దగ్గర ఒక పెద్దావిడ చెప్పులు చేతపట్టుకుని నిలబడిపోయింది. "బాబూ, ఆంజనేయస్వామి ఈ చేపతోక పిల్లతో ఏమిటయ్యా మాట్లాడుతున్నాడు? ఆయన బ్రహ్మచారి కదా!"

"తర్వాత చెప్తానమ్మా, బస్సు ఆగదు," అన్నాడు జెండా పట్టుకున్న కుర్రాడు.

ఆ పిల్ల రావణుడి కూతురు సువన్నమచ్చ, అంటే సువర్ణమత్స్య. వారధి రాళ్ళు దొంగిలించడానికి వచ్చి హనుమంతుడిని వలచింది, కొడుకును కూడా కన్నది. ఈ ఒక్క కథ చాలు, ఆవిడ ఊరికెళ్ళి ఏడాదిపాటు చెప్పుకోవడానికి. ఎవరూ చెప్పలేదు. అక్కణ్ణించి బస్సు నేరుగా ఒక నగల దుకాణానికి పోయి రెండు గంటలు ఆగింది. నవరత్న రాజధాని అన్న మాటకు ప్రయాణంలో దొరికిన ఏకైక వ్యాఖ్యానం అదే. తప్పక చూడవలసిన పదిలో ఆ దుకాణం పేరు లేదు. తప్పించుకున్నవారు మాత్రం ఎవరూ లేరు.

తాత్పర్యము: మరకత బుద్ధుడి గుడి ఉన్న రాజప్రాసాదం ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు కట్టుకుని, బస్సు మానుకుని, ఆ వేళకే వెళ్ళండి. గోడమీది రామకథ ఉత్తర ద్వారం దగ్గర మొదలవుతుంది. ప్రదక్షిణంగా నడవండి.