ప్రతులకు: రచయిత మంచం కింద

తెలుగు పుస్తకం మీద బతుకుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. డీటీపీ కుర్రాడు, ప్రూఫులు దిద్దే మాస్టారు, ముఖచిత్రం వేసే ఆర్టిస్టు, ప్రెస్సు, బైండరు, హాలు, ఫ్లెక్సీ, శాలువాల కొట్టు, సమోసాల కొట్టు, కొరియర్. ఇందరికి ఉపాధి చూపిస్తున్న పారిశ్రామికవేత్తకు ప్రభుత్వం సెంటు భూమి కూడా ఇవ్వకపోవడం అన్యాయం. ఆయన్ని మనం కవిగారు అంటున్నాం. పీఎఫ్ డబ్బు చేతికందిన మర్నాడే ఆయన పరిశ్రమ పెడతాడు, దానికి భార్య పేరు పెడతాడు. లోపలి పేజీలో 'ఫలానా ప్రచురణలు' అని అచ్చులో చూసేదాకా తానొక సంస్థకు అధిపతినన్న సంగతి ఆవిడకు తెలియదు.

రాయడం ఎంతసేపు! ఫోన్లో, యూనికోడ్‌లో, బస్సులో కూర్చుని రాసేస్తాడు. తీరా డీటీపీకి వెళితే "మాది అనూ ఫాంట్ సార్" అంటాడు కుర్రాడు. కన్వర్టర్‌లో వేస్తాడు. అటు దిగేసరికి కొన్ని ఒత్తులు పక్క అక్షరం కిందికి వలసపోయి ఉంటాయి, కొన్ని దారిలోనే రాలిపోతాయి. 'విప్లవం' కాస్తా 'విపవం' అవుతుంది. కవిగారు ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. రెండో ప్రూఫులో అది సరిపోయి, దాని కింది లైను చెడుతుంది. మూడో ప్రూఫుకి కుర్రాడికి విసుగొచ్చి, "వచన కవితే కదా సార్, ఎవరూ కనిపెట్టరు" అంటాడు. సమీక్షకుల కన్నా నిజాయితీగా మాట్లాడేది ఆ కుర్రాడొక్కడే.

తర్వాత ప్రెస్సు. అక్కడ సాహిత్యాన్ని ఫారాల్లో కొలుస్తారు. ఫారానికి 16 పేజీలు. "మీది పది ఫారాల మీద రెండు పేజీలొచ్చింది గురువుగారూ. ఆ రెండూ పీకేయండి, లేదా ఇంకో పద్నాలుగు ఇవ్వండి" అంటాడు ప్రెస్సాయన. ఏ కవీ రెండు పేజీలు పీకడు. ఆ పద్నాలుగే 'ఆత్మీయ వాక్యాలు' అవుతాయి. 1950లో వచ్చిన 'మహాప్రస్థానం'లో చలం యోగ్యతాపత్రం ఉంది. అప్పట్నుంచి పుస్తకానికి మూడేసి యోగ్యతాపత్రాలు దొరుకుతున్నాయి, చలమే దొరకడం లేదు.

"ఎన్ని వేద్దాం సార్, అయిదొందలా? ప్లేట్ల ఖర్చు ఎలాగూ పెట్టేశారు. ఇంకో అయిదొందలకి కాగితం, బైండింగే." ఇందులో అబద్ధం లేదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, మిషన్ సెట్టింగ్ ఎన్ని కాపీలకైనా అంతే. సంఖ్య పెరిగేకొద్దీ ప్రతికి పడే ఖర్చు తగ్గుతుంది. డిజిటల్‌లో అయితే వందే వేసుకోవచ్చు గానీ ఒక్కోటి ఎక్కువ పడుతుంది, కవిగారు లెక్కల్లో మోసపోయే మనిషి కాదు. అంచేత వెయ్యి వేయించి, ప్రతికి ముప్పయ్యో నలభయ్యో ఆదా చేస్తాడు. అమ్ముడుపోని అయిదొందల ప్రతుల మీద కూడా ఆ ఆదా ఉంటుంది మరి.

పుస్తకం మీద జీఎస్టీ లేదు, కాగితం మీద ఉంది. అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి కొనుగోలు మీద కట్టింది వెనక్కి రాదు. ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. 'మీ పుస్తకం బాధ్యత మాది' అనే ప్యాకేజీలో మాత్రం దానికో లైను, ఆ లైను పక్కన ఓ అంకె ఉంటాయి.

ఆవిష్కరణ గురించి కొత్తగా చెప్పేదేముంది? ముఖ్య అతిథి పుస్తకాన్ని కారులో వస్తూ తిరగేశానని చెప్పి, తన పుస్తకం గురించి గంట మాట్లాడతాడు. అంతే.

అసలు చాకిరీ ఆ మర్నాడు మొదలవుతుంది. దుకాణానికి ఇస్తే నూటయాభై వెలలో నలభై శాతం కమీషన్ పోయి తొంభై మిగలాలి, అదీ అమ్మాక, అదీ అడిగాక. సమీక్షకు పత్రికకు రెండేసి ప్రతులు. "ఒకటి పంపండి, చదివి చెబుతా" అన్నవారందరికీ తలా ఒకటి. కవర్లు, టేపు, చిరునామాలు, పోస్టాఫీసు క్యూ. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు పోయింది, 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు. కవర్‌తో తూస్తే 310. ఆ పది గ్రాములూ ఆత్మీయులవే. పైగా లోపల వ్యాపార ప్రకటనలుండకూడదు. అచ్చుకు పదివేలిచ్చిన బావమరిది వెంచర్ తాలూకు ఫుల్ పేజీ ఉంటే ఇక అది జ్ఞానం కిందికి రాదు.

ఇంకొకటుంది, కవులకు ఎవరూ చెప్పరు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన ముప్పై రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కోటి సొంత ఖర్చుతో పంపాలి. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, దాని మీద పుస్తకం విలువ అదనం. కమీషన్ అడగకుండా మన పుస్తకానికి విలువ కట్టేది దేశం మొత్తం మీద ఆ ఒక్క చట్టమే.

జరిమానా పడేది ప్రచురణకర్తకి, అంటే ఆవిడకి. ఇన్నాళ్లూ కట్టలు మోసింది, టేపులు అంటించింది, మంచాల కింద ఊడవడం మానేసింది కూడా ఆవిడే. మొన్న ప్రెస్సాయన ఫోన్ చేశాడు: "కాగితం రేటు పెరిగేలా ఉందమ్మా, సారు రెండో సంపుటి ఇచ్చేస్తారా?" కవిగారు స్నానానికెళ్లారు.

"పరిశీలించామండీ," అంది ఆవిడ. "మా సంస్థ ప్రమాణాలకు తగినట్టు లేదు. తిప్పి పంపుతున్నాం."