రెండు రూపాయల వడ్డీకి టైసన్

మా బావమరిది మైండ్‌స్పేస్‌లో డేటా సైంటిస్టు. పగలంతా అమెరికాలో ఎవరు ఏ నెలలో ఇన్సూరెన్సు కట్టడం మానేస్తారో జోస్యం చెబుతాడు. రాత్రిళ్లు ఆటవిడుపుగా బాక్సింగ్‌లో ఎవరు ఎవర్ని పడగొడతారో చెబుతాడు. "పందేలు కాస్తున్నావట్రా?" అని వాళ్లక్క నిలదీస్తే, "ఛ, మోడల్ చేస్తున్నా" అన్నాడు. మా ఇళ్లలో పేకాడినవాళ్లు కూడా పేకాడుతున్నామని ఏనాడూ ఒప్పుకోలేదు. క్లబ్బుకెళ్లొస్తాం అనేవాళ్లు.

నిజానికి కాద్దామన్నా దారి లేదు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ పందేల తలుపు మూసింది. 2020లో ఆంధ్ర మూసింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ కలిపి తాళం వేసింది: ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆ ఏడాది మార్చిలోనే మన సైబరాబాద్ పరిధిలో, మియాపూర్ స్టేషన్లో, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినిమావాళ్లూ యూట్యూబర్లూ కలిపి 25 మంది మీద కేసు పెట్టారు. జాబితా చదివి మా ఆవిడ, "ప్రీ రిలీజ్ ఫంక్షన్‌కి కూడా ఇంతమంది రారు" అంది. అంతకుముందు యాప్ తెరిస్తే 'మీ రాష్ట్రంలో ఈ సేవ లేదు' అని పాపం మర్యాదగానే చెప్పేది. కానీ ఐటీ కారిడార్లో మనిషి బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నా, ఆఫీసు వీపీఎన్ పుణ్యమా అని లాప్‌టాప్ న్యూజెర్సీలో ఉంటుంది. ఏ రాష్ట్రమని చెప్పాలి దానికి?

మొన్న వానల్లో మా మామగారు కంటి ఆపరేషన్‌కి భీమవరం నుంచి వచ్చారు. ఆయన కుక్కుట శాస్త్రంలో దిట్ట. ఏ వారం, ఏ జాము, ఏ దిక్కున వదిలితే నెమలి గెలుస్తుందో, డేగ గెలుస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలరు. ఆ శాస్త్రం చదివే రెండెకరాలు పోగొట్టుకున్నారన్నది వేరే సంగతి. కొడుకు తన మోడల్‌ని తండ్రికి చూపించాలని కూర్చోబెట్టాడు. పరీక్షకి పాత మ్యాచ్ ఎంచుకున్నాడు. 1990 ఫిబ్రవరి 11, టోక్యో. మైక్ టైసన్ మీద బస్టర్ డగ్లస్. (మన కుర్రాళ్లకు టైసన్ అంటే 2022లో 'లైగర్'లో కనిపించిన పెద్దాయన. ఆ సినిమా వసూళ్లకీ మావాడు ఒక మోడల్ చేశాడు. అడక్కండి.)

"రేటెంత?" అన్నారు మామగారు.

"నలభై రెండుకి ఒకటి నాన్నా. టైసన్ మీద 42 పెడితే, గెలిస్తే లాభం ఒక్కటి."

మామగారు వేళ్ల మీద లెక్కేశారు. "అంటే నూటికి రెండు రూపాయల ముప్పై ఎనిమిది పైసలు. మా ఊళ్లో నెల వడ్డీ అంతే. ఇక్కడెంతసేపు?"

"పన్నెండు రౌండ్లూ సాగినా ముప్పావుగంట."

"మరింకేం! అప్పు తెచ్చి పెట్టచ్చు."

అప్పట్లో జనం పెట్టారు కూడా. ఈ పందేనికి రేటు కట్టడమే దండగని లాస్ వేగాస్‌లో చాలా దుకాణాలు ఊరుకుంటే, మిరాజ్ అనే హోటల్ 27కి ఒకటితో తెరిచింది. జనం టైసన్ మీద పోశారు. పోసేకొద్దీ రేటు ఎక్కి 42 దాకా పోయింది. ఈ మధ్యలో డగ్లస్ ఏమీ చిక్కిపోలేదు, టైసన్ ఏమీ బలిసిపోలేదు. ఒకవైపు ఒరిగిన తక్కెడని దుకాణదారు సరిచేసుకున్నాడు, అంతే. రేటంటే ఎవడు గెలుస్తాడన్న జోస్యమని మనవాళ్లు అనుకుంటారు. ఎవడు గెలిచినా దుకాణం మునక్కుండా రాసుకున్న పద్దు అది. ఇంతకీ మిరాజ్ అంటే ఎండమావి. బోర్డు మీద అంత పెద్దక్షరాలతో నిజం చెప్పిన వ్యాపారం ప్రపంచంలో మరోటి ఉండదు.

మావాడి మోడల్ టైసన్‌కి 97 శాతం ఇచ్చింది. 37 మ్యాచ్‌లు, 37 గెలుపులు, 33 నాకౌట్లు. మామగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఆ డగ్లస్ ఇంట్లో ఏమన్నా జరిగిందేంట్రా ఈమధ్య?"

"మూడు వారాల ముందు వాళ్లమ్మ పోయింది. దానికి కాలమ్ లేదు నాన్నా."

"టైసన్‌ని ప్రాక్టీసులో ఎవడన్నా పడేశాడా?"

"పడేశాడు. గ్రెగ్ పేజ్. ఒక్కసారేగా, అవుట్‌లయర్ అని తీసేశా."

అవుట్‌లయరట! హైటెక్ సిటీలో పట్టికలోంచి తీసేసినవన్నీ పోగుచేస్తే ఇంకో హైటెక్ సిటీ కట్టచ్చు. 1990లో మాదాపూర్ బండలకి ఎవడైనా ఏం రేటు కట్టాడు? సైబర్ టవర్స్ లేచింది 1998లో. అప్పట్లో పెళ్లి ఖర్చుకని ఎకరం అమ్ముకున్నవాళ్లని అడగండి, అప్‌సెట్ అంటే ఏంటో చెబుతారు.

మ్యాచ్‌లో టైసన్ ఎడమ కన్ను వాచిపోయింది. వాపు అణచడానికి మూలన నిలబడే ప్రతివాడి సంచీలో చల్లటి ఇనుప బిళ్ల ఉంటుంది. మా టైసన్ కన్ను ఎందుకు వాస్తుందిలే అని వీళ్లు అదీ తెచ్చుకోలేదు. రబ్బరు గ్లౌజులో ఐసునీళ్లు పోసి అదిమారు. శుక్రవారం సాయంత్రం బ్యాకప్ లేకుండా రిలీజ్ చేసే మా టీమ్‌లన్నిటికీ ఆ ఫొటో ఫ్రేమ్ కట్టి పంపాలని ఉంది. పదో రౌండులో టైసన్ నేల మీద పాకుతూ నోట్లోంచి జారిన పళ్లకవచం వెతుక్కుంటున్నాడు. అలా ముగిసింది.

కానీ గొడవ ముగియలేదు. ఎనిమిదో రౌండులో డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ లెక్క నెమ్మదిగా నడిచిందని టైసన్ ప్రమోటర్ డాన్ కింగ్ పేచీ పెట్టాడు. పెద్ద సంఘాలు రెండు మొదట ఆ ఫలితాన్ని ఆపేసి, జనం నవ్వేసరికి ఒప్పుకున్నాయి. అదే ఏడాది అక్టోబరులో డగ్లస్ ఇంకో ఏడు కిలోలు వేసుకొచ్చి హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులోనే పోయాడు. ఎక్కడ? అదే మిరాజ్‌లో. టికెట్లూ వాళ్లే అమ్ముకున్నారు. 2024 జులైలో ఆ హోటలూ మూతపడింది.

మనమేం తక్కువ తిన్నామా? 2019లో మేరీ కోమ్‌తో ట్రయల్ కావాలని అడిగి 9-1తో ఓడిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మీద ఆ రోజు ఎవరూ అర్ధరూపాయి కాసేవాళ్లు కాదు. ఆమె 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియనయింది. వెంటనే 2024 పారిస్ పతకాన్ని మనం జేబులో వేసేసుకున్నాం. సీడింగ్ లేక రెండో మ్యాచ్‌లోనే టాప్ సీడ్ వు యు ఎదురైందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. 5-0తో ఓడితే 'షాక్' అన్నాం. అక్కడ రేటు కట్టింది మన అభిమానం. స్వర్ణం తీసుకెళ్లింది వు యు.

తొమ్మిదైంది. బిర్యానీ చెప్పాం. యాప్ 28 నిమిషాలంది. కిటికీలోంచి చూస్తే కొండాపూర్ రోడ్డు మీద బైకుల టైర్లు సగం మునిగి ఉన్నాయి.

"రాడు" అన్నారు మామగారు. "నీ పదికి నా వంద. యాప్ గెలిస్తే వంద నీది." వంద కాగితం టీపాయ్ మీద గ్లాసు కింద పెట్టారు. మావాడు పది పెట్టాడు.

ఇరవై ఏడో నిమిషాన బెల్లు మోగింది. రెయిన్‌కోట్ లోంచి నీళ్లు కారుతూ కుర్రాడు నిలబడ్డాడు. మావాడు గ్లాసు మీద చెయ్యేశాడు.

"ఆగరా. పొట్లం విప్పు."

లోపల వెజ్ ఫ్రైడ్ రైస్. ఎవరిదో.

"వచ్చింది మన కోడి కాదు. పందెం చెల్లదు" అన్నారు మామగారు.

"టైముకొచ్చాడుగా నాన్నా, బావా, నువ్వు చెప్పు!"

నేను రిఫరీని కానన్నాను. పడుకునేదాకా వాదన తెగలేదు.

పొద్దున లేచి చూస్తే గ్లాసు కడిగి బోర్లించి ఉంది. నూటపది రూపాయలు లేవు. మా ఆవిడ గుమ్మంలో పాలవాడికి చిల్లర ఇస్తోంది.