పదింటికి పీకిన ప్లగ్గు

మహారాజశ్రీ మా పట్టణ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, కాలువ సెంటర్ వినాయకుడి పందిట్లో మొన్న రాత్రి బేస్ గిటారు వాయిస్తూ ఉండగా నిలిచిపోయిన కళాకారుడు నమస్కరించి వ్రాయునది.

తమరు క్షేమమని తలుస్తాను. మేం క్షేమంగా లేం.

తమరు నన్ను గుర్తుపట్టరు, పట్టనక్కర్లేదు కూడా. ప్రోగ్రాం వీడియోలో నేనెక్కడున్నానో చూపించమంటే మా ఆవిడే జనరేటర్ పక్కన వెతుకుతుంది. బేస్ గిటారు వాయించేవాడి బతుకు అంతే. ఉన్నంతసేపూ ఎవరికీ వినపడడు, ఆగితే మాత్రం పాట ఎందుకో పల్చబడిందేమిటా అని జనం అటూ ఇటూ చూస్తారు.

తమ కానిస్టేబులు గారు వచ్చి ప్లగ్గు పీకినప్పుడు మేం జగదేకవీరుని కథలో ఉన్నాం. ఏ పాటో చెప్పక్కర్లేదు. ఆ సినిమా పేరెత్తి 'ఆ పాట' అంటే చాలు. 1961లో పెండ్యాల గారు దర్బారీ కానడలో కట్టారు, ఘంటసాల గారు పాడేసి వెళ్లిపోయారు, అప్పటి నుంచీ ఆర్కెస్ట్రా వాళ్లం మేం పడుతున్నాం. తెర మీద ఎన్టీఆర్ ఒక్కడే పాడుతూ, వాయిద్యాలు కూడా తనే వాయిస్తూ కనిపిస్తాడు. మాకూ అలాగే చెయ్యాలని ఉంటుంది, పేమెంటు పంచుకునే పని తప్పుతుంది. కానీ మేం ఎనిమిది మందిమి.

మా గాయకుడు పగలు సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. ఆ పాట ఉందంటే ఆ రోజు పెరుగు ముట్టడు, ఫోను ఎత్తడు, గిరాకీలతో సైగలు చేస్తాడు. మొన్న రాత్రి ఆఖరి స్వరాల దాకా లాక్కొచ్చాడు. తబలా వేగం అందుకుంది. ముందు వరసలో రిటైర్డు తెలుగు మాస్టారు ఒకాయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. అప్పుడు పీకారు.

సరిగ్గా పదింటికి. ఫోను చేస్తే రావడానికి టైము పట్టే మీ వాళ్లు, కేసు రాసుకోవడానికి టైము పట్టే మీ వాళ్లు, ఘంటసాల పాట ఆపడానికి మాత్రం సెకను తేడా లేకుండా వచ్చారు!

ప్లగ్గు పీకితే ఏమవుతుందో వివరంగా మనవి చేస్తాను. కీబోర్డు పోతుంది. రిథమ్ ప్యాడ్స్ పోతాయి. లీడ్ గిటారు పోతుంది. నేను అందరికంటే ముందు పోతాను, నా తీగలు ఉత్తినే మీటితే నాకే వినపడవు. మిగిలేది తబలా, గొంతు. మావాడు ఆపలేదు. మైకు పక్కన పెట్టి, స్టేజీ అంచుకొచ్చి స్వరాలు అందుకున్నాడు. వెనక కూర్చున్నవాళ్లు కుర్చీలు మోసుకుంటూ ముందుకొచ్చారు. చిన్నప్పుడు చూసిన నాటకాల పందిరి గుర్తొచ్చింది. పోనీ పూర్తవుతుంది అనుకునేలోపు కానిస్టేబులు గారు మెట్లెక్కి 'తబలా కూడా ఆపాలి మాస్టారూ' అన్నారు.

రూలు అలాగే ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి, 2010లో సవరించారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరే కాదు, వాయిద్యం కూడా వాడకూడదు. అంటే తబలాని కూడా వదల్లేదు. ప్రభుత్వం కళాకారుల్ని పట్టించుకోదని ఎవరన్నారు?

రూలు మంచిదే. చంటిపిల్లలున్న ఇళ్లున్నాయి, గుండె జబ్బు మనుషులున్నారు, పరీక్షలకు చదివేవాళ్లున్నారు. 2005లో సుప్రీంకోర్టు రాత్రి ప్రశాంతత గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే. అసలు పాత పాటల ప్రోగ్రాంకి వచ్చేవాళ్లు పదింటికి పడుకునే మనుషులే. మమ్మల్ని అర్ధరాత్రి దాకా వాయించమని ఏ దేవుడూ అడగలేదు. నేను అడిగేది వేరు. ఆ పాట పది గంటలకి ఎందుకు పాడుతున్నాం?

కరపత్రంలో ఏడు గంటలకని ఉంది. నాలుగింటికే వచ్చి మైకులు సరిచూసుకున్నాం. ఆరున్నరకి తబలా శ్రుతి చేసుకున్నాం, ఏడున్నరకి మళ్లీ, ఎనిమిదికి మళ్లీ. రాత్రి చెమ్మకి తబలా శ్రుతి నిలవదు. ముఖ్య అతిథి గారు ఎనిమిదీ నలభైకి దయచేశారు. జ్యోతి వెలిగించారు, గాలికి ఆరిపోయింది, మళ్లీ వెలిగించారు. శాలువాలు కప్పారు. ఆ శాలువాల్లో ఒకటి తమ భుజాల మీద కూడా పడింది. ఆ తర్వాత ఉపన్యాసం. నియోజకవర్గంలో వేసిన రోడ్ల గురించి, వెయ్యబోయే రోడ్ల గురించి. మా మైకులో, మా యాంప్లిఫయర్‌లో, మేం డీజిల్ పోసిన జనరేటర్ మీద. నివాస ప్రాంతంలో పగలైతే 55 డెసిబెల్స్, రాత్రయితే 45 అని నిబంధనల్లో రాసి ఉంది కదా. ఆయన పిడికిలి బిగించి అరిచినప్పుడు ఎన్ని ఉన్నాయో తమరు వేదిక మీదే కూర్చుని ఉన్నారు గనుక తమకే ఎక్కువ తెలియాలి.

అయిపోయిందనుకున్నాం. వారి బావమరిది గారు ఒక పాట పాడతానన్నారు. శ్రుతి ఎంత పెట్టమంటారని మా కీబోర్డు కుర్రాడు వినయంగా అడిగాడు. 'ఎంతైనా పర్లేదు' అన్నారు. నిజంగానే పర్లేదు, ఏ శ్రుతికీ ఆయనకీ సంబంధం లేదు. చరణం మధ్యలో ఫోనొస్తే ఎత్తి మాట్లాడి, మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టారు. ఆయనకి పీకలేదు ప్లగ్గు.

ఇంక మాకు మిగిలిన టైములో గణపతి స్తుతి, ఒక డ్యూయెట్టు, తర్వాత ఆ పాట. అంతే.

ఇక్కడితో అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఇంతకంటే అవమానాలు పడ్డాం. ఎర్తింగు లేని మైకు పెదవికి తగిలి షాకు కొడితే నవ్వుతూ పాడిన గాయనులున్నారు మా దాంట్లో. అందరూ తిన్నాక అడుగున మిగిలిన పులిహోర తిని, బాగుందని మెచ్చుకుని వచ్చాం. ఘంటసాల పాట మధ్యలో ఉండగా చీటీ మీద ఐటెం సాంగ్ అడుగుతూ అయిదొందల నోటు పిన్ను గుచ్చి పంపిస్తారు, నోటు కోసం పాడేస్తాం. చట్టం మీద మాకు గౌరవం లేదనుకోకండి. దేవుడి ఉత్సవాల్లో పాటలు పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉందని, పెళ్లి సంబరాలూ అందులోకే వస్తాయని మా బృందంలో అందరికీ కంఠతా వచ్చు. 2017లో ఇళయరాజా గారు తన పాటలు పాడుతున్నందుకు సాక్షాత్తూ బాలు గారికే నోటీసు పంపారు. మాకు అలాంటి నోటీసొస్తే ఫ్రేము కట్టించుకుంటాం. మేం పాడుతున్నామని మద్రాసు దాకా తెలిసిందన్నమాట!

మధ్యలో ఎటో వెళ్లాను. ఆ రాత్రికే వస్తాను.

ఒంటిగంటకి సామాన్లు టాటా ఏస్‌లో సర్దుకుంటున్నాం. ముందు మీ జీపు వచ్చింది. దాని వెనక ట్రాక్టరు. ట్రాక్టరు మీద ఇంటి ఎత్తున బాక్సులు. పక్క వీధి వాళ్ల నిమజ్జనం. ఆ దెబ్బకి కిళ్లీ కొట్టు సీసాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, మూసిన షట్టర్లు వాటంతట అవే మోగాయి, నా కడుపులో పులిహోర తిరగబడింది. బేస్ అంటే ఏమిటో బేస్ గిటారు వాయించే నాకు ఆ రాత్రి తెలిసింది. పక్క రాష్ట్ర రాజధాని హైదరాబాదులో 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని పోలీసులే ఉత్తర్వు ఇచ్చారు. ఇక్కడ మీ జీపు దారి చూపిస్తోంది. ప్లగ్గు పీకిన కానిస్టేబులు గారే దాని ముందు లాఠీ ఊపుతూ జనాన్ని జరుపుతున్నారు. ఆయన్నే అడిగాను, దీనికి పది గంటల రూలు లేదా అని.

'అది కదులుతోంది కదండీ' అన్నారు.

ఇంత స్పష్టమైన న్యాయసూత్రం నేనెక్కడా వినలేదు. నిలబడి పాడితే నేరం, కదులుతూ అరిస్తే ఊరేగింపు. అయితే సరే. వచ్చే ఏడు మేమూ ట్రాక్టరు మాట్లాడుకుంటాం. తబలా ఆయన్ని ట్రక్కులో కట్టేసి, ఘంటసాల పాటని గంటకి నాలుగు కిలోమీటర్ల వేగంతో ఊరి చుట్టూ తిప్పుతాం. మీ ఇంటి ముందు మలుపు దగ్గర కాస్త నెమ్మదిగా పోతాం.

సారూ, కోపం వచ్చింది, అందుకే అలా రాశాను. కొట్టేయను, ఉండనివ్వండి.

ఈ పీకుడు వల్ల ఏం జరిగిందో మీకు తెలియాలి. సగం ప్రోగ్రామే అయింది గనుక సగం పేమెంటే అన్నారు కమిటీ వాళ్లు. ఇరవై వేలకి మాట్లాడుకుంటే పది చేతిలో పెట్టారు. బండి కిరాయి, పక్క ఊరి నుంచి వచ్చిన గాయనికి చార్జీలు, ప్యాడ్స్ అద్దె, డీజిలు పోను తలకి ఏడొందలు. కాలాన్ని తిన్నది ముఖ్య అతిథి గారు, పాటని ఆపింది మీరు, డబ్బు పోయింది మాది. కమిటీ అధ్యక్షుడితో వాదిస్తే, 'పోలీసులు ఆపారు, వాళ్లనే అడగండి' అన్నాడు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను.

ఒక చిన్న సంగతి చెప్పనివ్వండి. కాలేజీలో నలుగురం కలిసి డీప్ పర్పుల్, పింక్ ఫ్లాయిడ్ వాయించేవాళ్లం. మన డెల్టాలో దానికి అన్నం పెట్టేవాడు లేక ఇటొచ్చాను, అది వేరే కథ. అప్పుడు చదివాను. 1969 జనవరి 30న లండన్‌లో బీటిల్స్ తమ ఆఫీసు డాబా ఎక్కి, కింద రోడ్డంతా వినపడేలా వాయించారు. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు ఫిర్యాదు చేశారు. పోలీసులు డాబా ఎక్కారు. యాంప్లిఫయర్లు కట్టేస్తే జార్జ్ హారిసన్ తనది మళ్లీ వేసుకున్నాడు. అలా దాదాపు నలభై రెండు నిమిషాలు వాయించి, చేతిలో ఉన్న ఆఖరి పాట ముగించి దిగారు. జనం ముందు ఆ నలుగురూ కలిసి వాయించడం అదే చివరిసారి. మేం బీటిల్స్ కాదు. మావాడు హారిసన్ కూడా కాదు, తిరిగి వేసుకుందామంటే ప్లగ్గు మీ కానిస్టేబులు గారి చేతిలో ఉంది. కానీ ఆ పోలీసులు పాట పూర్తి కానిచ్చారు. పది దాటాక మూడు నిమిషాలు పట్టేది మాకు. మూడే నిమిషాలు.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది, మీకు తెలియంది కాదు. పండుగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాత్రి పన్నెండు దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా. ఆ పదిహేను రోజులు ఎవరి ఖాతాలో ఖర్చవుతున్నాయో మాకు ఎవరూ చెప్పరు. అందులో ఒక్క రోజు పాత పాటలకి ఇప్పించండి. రెండు గంటలు వద్దు. అరగంట చాలు.

రిటైర్డు మాస్టారు నిన్న షాపుకొచ్చారట, ఫోనుకి కవరు కొనడానికి. డబ్బులిచ్చి, వెళ్లబోతూ మా గాయకుడితో 'మిగతా పాట ఎప్పుడు నాయనా' అన్నారట. మావాడు ఏం చెప్పాలో తెలియక రాత్రి నాకు ఫోను చేశాడు. నాకూ తెలియలేదు. దయచేసి మీరే చెప్పండి సార్.

దసరాకి అమ్మవారి గుడి దగ్గర ప్రోగ్రాం ఒప్పుకున్నాం. పర్మిషన్ దరఖాస్తు స్టేషన్‌లో ఇచ్చాం, తమ బల్ల మీద ఉండాలి. ప్రారంభం సాయంత్రం ఆరు, ముగింపు రాత్రి తొమ్మిదీ నలభై అయిదు అని రాశాం. సంతకం పెట్టేటప్పుడు కింద ఒక్క వాక్యం చేర్చండి. ముఖ్య అతిథి ఎవరైనా సరే, ఏడు దాటి వస్తే మైకు ఇవ్వబడదు అని. దాని మీద స్టేషను ముద్ర వేయించండి. లామినేషన్ ఖర్చు మేం పెట్టుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
బేస్ గిటారు

కాపీ: వినాయక ఉత్సవ కమిటీ అధ్యక్షుల వారికి, మిగతా పదివేల విషయమై.